మగ్గం తాత రామాయణం

పోయిన నెల మగ్గం తాత చనిపోయాడని మా చిన్నాయిన కొడుకు ఫోన్ చేశాడు. తొంభైకి దగ్గర పడ్డ మనిషి, చాన్నాళ్లుగా మంచంలోనే ఉన్నాడు. విని ఎవరూ ఉలిక్కిపడలేదు. మేం ఊరు చేరేసరికి పాడె కడుతున్నారు. ఆయన వీపు ఏనాడో ముందుకు వంగి అట్లాగే బిగుసుకుపోయింది. వెల్లకిలా పడుకోబెడితే తల కిందికి ఆనదు. అందుకని భుజాల కింద, మెడ కింద వరిగడ్డి చుట్టలు పెట్టి పైన తెల్లబట్ట పరిచారు. ఎవరూ అడగకుండానే గడ్డి వచ్చింది. ఎంత మందం పెట్టాలో కట్టేవాళ్లకు తెలుసు. మా నల్లగొండ జిల్లాలో మర్రిగూడ, నాంపల్లి, చండూరు, మునుగోడు వైపు పాత తరం వాళ్లను ఇట్లా సాగనంపడం కొత్తేమీ కాదు.

ముందు రాత్రి భజన పెట్టారట. సెల్‌ఫోన్‌లో పాటలు, బ్లూటూత్ స్పీకర్. పక్కన ఇద్దరు ముసలివాళ్లు తాళాలు పట్టుకుని కూర్చున్నారట గానీ స్పీకర్ స్పీడు అందుకోలేక ఆపేశారట.

మా చిన్నప్పుడు ఊళ్లో ఎవరు పోయినా తెల్లవార్లూ తత్వాలు పాడింది ఈ తాతే. హార్మోనియం ఆయనది, మద్దెల ఇంకొకరిది, తాళాలకు నలుగురైదుగురు. శవాన్ని వాకిట్లో పెట్టుకుని ఈ పెయ్యి, అంటే ఈ ఒళ్లు, మనది కాదని పాడుతుంటే ఏడ్చేవాళ్లు కూడా కాసేపు ఏడుపాపి వినేవాళ్లు. మధ్యలో చాయ్, బీడీలు. మా జిల్లా చింతపల్లిలో మాదిగ ఇంట పుట్టి, మోట తోలుతూనే యోగి అయిన దున్న ఇద్దాసు తత్వాలు ఆయనకు బాగా వచ్చు. ఇద్దాసు కళ్లు మూసుకుని కూర్చుంటే ఎడ్లు వాటంతటవే మోట లాగేవని పెద్దలు చెప్పుకునే కథ చెప్పి, "మనయి పది ఎడ్లురా, పదీ పది దిక్కులకు గుంజుతయ్" అనేవాడు. పది ఎడ్లంటే ఇంద్రియాలని మాకు అర్థం కావడానికి చాలా ఏళ్లు పట్టింది.

* * *

ఆయన నేతమనిషి. ఇంట్లో గుంటమగ్గం. నడుము దాకా మనిషి నేల లోపల, మిగతా సగం బయట. బడి అయిపోగానే కండెలు చుట్టే మిషతో మేం అక్కడ చేరేవాళ్లం. గంజి పెట్టిన పడుగు ఆరుతుంటే వచ్చే పులిసిన వాసన, అచ్చు కొట్టిన టకటక, మధ్యమధ్య దారం తెగితే ఆగే నిశ్శబ్దం. దారం అతికేటప్పుడే ఆయనకు మాటలొచ్చేవి. రెండు కొసలనూ బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి, కాస్త ఉమ్మి తడి చేసి, ఒక్క మెలి తిప్పేవాడు. ముడి ఎక్కడుందో వెతికినా కనిపించేది కాదు. ఆ పని చేస్తూనే ప్రశ్న వేసేవాడు.

"దశరథునికి రథాలెన్నిరా?"

"పది."

"గవి యాడున్నయ్?"

అయోధ్యలో అనేవాళ్లం. అయోధ్య ఎక్కడుంది అంటే, సోషల్ బాగా చదివేవాడు ఉత్తరప్రదేశ్ అన్నాడు. తాత నవ్వి, కండె పట్టుకున్న చేత్తోనే వాడి రొమ్ము మీద పొడిచాడు. "గీడ."

అక్కడి నుంచి మొదలయ్యేది. కళ్లు, చెవులు, ముక్కు, నాలుక, చర్మం తెలుసుకునేవి. నోరు, చేతులు, కాళ్లు, కిందివి రెండు పని చేసేవి. ఈ పదింటి బండి ఎక్కిన జీవుడే దశరథుడు. ముగ్గురు రాణులు సత్త్వం, రజస్సు, తమస్సు. ఏ రాణి మాట ఎక్కువ వింటే ఇల్లు అట్లా నడుస్తుంది. రాముడు ఆత్మ, సీత శాంతి. శాంతిని ఎత్తుకుపోయిన రావణుడు రజస్సు, తిని పండే కుంభకర్ణుడు తమస్సు, అన్నను కాదని ఇవతలికొచ్చిన విభీషణుడు సత్త్వం. "ముగ్గురు ఒక్క తల్లి కడుపుల పుట్టినోళ్లే గదరా. ఒక్క పెయ్యిలనే ఉంటరు."

రావణుడి పది తలల సంగతి నేనే అడిగాను. దశరథుడికీ పదే, రావణుడికీ పదేనా అని. ఆ ప్రశ్న కోసమే కూర్చున్నట్టు మగ్గం ఆపేశాడు. "గదే పది. కింద పెట్టి తోలెటోడు దశరథుడు. నెత్తిన పెట్టుకోని మోసెటోడు దశకంఠుడు." తర్వాత ఎన్నో పురాణ ప్రవచనాలు విన్నాను, మైకుల్లో, టీవీల్లో. దీన్ని మించిన మాట నాకింకా తగల్లేదు.

హనుమంతుడు ఊపిరి. గాలికొడుకు కదా, ఇంకేముంటాడు. తప్పిపోయిన శాంతి ఎక్కడుందో సముద్రం దాటి చూసి రాగలిగింది ఊపిరొక్కటే. మనిషి రోజుకు 21,600 సార్లు ఊపిరి తీస్తాడనీ, తీసినప్పుడూ వదిలినప్పుడూ అదే జపం చేసుకుంటుందనీ చెప్పేవాడు. మాలో గడియారం ఉన్నవాడు లెక్క కట్టాడు, నిమిషానికి 15. తర్వాత ఆస్పత్రి ఉద్యోగంలో చేరినప్పుడు, పెద్దవాళ్లు నిమిషానికి 12 నుంచి 20 సార్లు శ్వాస తీస్తారని చార్టులో చూసి నాకు నేనే నవ్వుకున్నాను. నూలు కండె మోసే నాడె ఎడమకు పోతే ఒక ఊపిరి, కుడికొస్తే ఇంకో ఊపిరి, ఇడా పింగళా అంటే అవే, మధ్యన ఎవరికీ తెలియకుండా పెరిగే గుడ్డే సుషుమ్న అని తన మగ్గం చూపించి చెప్పేవాడు.

మాకు సుషుమ్న ఎందుకు, చివర్లో ఆయన ఇచ్చే బెల్లం ముక్క కోసం అన్నిటికీ తలూపేవాళ్లం.

* * *

ఎండాకాలం కోతలు అయిపోయాక చిరుతల రామాయణం నేర్పేవాళ్లు. రాత్రి బువ్వ తిన్నాక రచ్చబండ దగ్గర పెట్రోమాక్స్ దీపం, చుట్టూ గుండ్రంగా ఇరవై ముప్పై మంది, కాళ్లకు గజ్జెలు, రెండు చేతుల్లో చిరుతలనే చిన్న కర్రలు. అడుగు తప్పితే గురువు చిరుతతోనే మోకాలి మీద ఒకటి అంటించేవాడు. నెలల తరబడి నేర్చుకుని, ఆట రోజు మాత్రం అప్పు చేసి తెచ్చిన పట్టుబట్టల్లో అందరూ సగం పాట మర్చిపోయేవాళ్లు. ఆటలో రాముడు వేసినవాడు ఆ ఏడాదంతా కల్లు మానాలి. అందుకే మా ఊళ్లో రాముడి వేషానికి కంటే రావణుడి వేషానికి పోటీ ఎక్కువ.

ఆట మధ్య విరామంలో తాత పెయ్యి రామాయణం ఎత్తుకునేవాడు. గుళ్లో పూజ చేసే అయ్యగారికి ఇది అస్సలు గిట్టేది కాదు. రాముడు పుట్టాడు, నడిచాడు, రాజ్యం చేశాడు, దాన్ని పట్టుకుని ఇడా పింగళా అంటే పాపం తగులుతుందనేవాడు. ఒకసారి అందరి ముందూ నిలదీశాడు. "పెయ్యిలోనే రాముడున్నప్పుడు ఏటా భద్రాచలం ఎందుకు పోతున్నవయ్యా?"

"బస్సున్నది గాబట్టి పోతున్న అయ్యగారూ" అన్నాడు తాత. రచ్చబండంతా ఘొల్లుమంది. అయ్యగారూ నవ్వాడు. ఆ ఇద్దరూ అదే బస్సులో పక్కపక్కన కూర్చుని వెళ్లేవాళ్లు కూడా.

మా తెలుగు సార్ మాత్రం ఇదేమీ తాత సొంత కవిత్వం కాదని చెప్పేవాడు. అథర్వవేదం పదో కాండలోనే "అష్టాచక్రా నవద్వారా దేవానాం పూరయోధ్యా" అని ఉందట. ఎనిమిది చక్రాలు, తొమ్మిది వాకిళ్లు ఉన్న దేవతల పట్నం అయోధ్య. శంకరుల పేరున ఉన్న ఆత్మబోధలో మోహమనే సముద్రం దాటి, రాగద్వేషాలనే రాక్షసులను చంపి, శాంతితో కూడిన ఆత్మారాముడి శ్లోకం ఉంది. కఠోపనిషత్తులో శరీరం రథం, బుద్ధి సారథి, మనసు పగ్గాలు, ఇంద్రియాలు గుర్రాలు. సార్ ఇవన్నీ బోర్డు మీద రాసిన రోజు నేను పరుగెత్తుకెళ్లి తాతకు చెప్పాను. తాత పొంగిపోతాడనుకున్నాను. "రాసి పెట్టిండ్రా? మంచిగైంది" అని దారం అతుక్కోవడంలో పడ్డాడు.

* * *

ఇక సముద్ర మథనం. ఆయన కథలన్నిట్లో ఇదే పెద్దది, దీనికే జనం ఎక్కువ. మందర పర్వతం వెన్నెముక. వాసుకి కుండలిని. అటు దేవతలు, ఇటు రాక్షసులు రెండు ఊపిర్లు. చిలికితే ముందు అమృతం రాదు, విషం వస్తుంది. దాన్ని శివుడు గొంతులో ఆపాడు. ఇక్కడ ఆడవాళ్ల వైపు తిరిగి, "నోటిదాంక వచ్చిన మాటను గొంతుల ఆపుకున్నోడే శివుడు, గది మన ఇండ్లల్ల ఎవరికి చాతనైతది" అనేవాడు. వెన్నులో ముప్పైమూడు పూసలు, ముప్పైమూడు దేవతలు. ఆదిత్యులు పన్నెండు, రుద్రులు పదకొండు, వసువులు ఎనిమిది, అశ్వినులు ఇద్దరు. వేళ్ల మీద లెక్క చెప్పి, చివరికి, "నడుము నిటారుగ పెట్టి కూసుంటేనే కొండ తిరుగుతది, అమృతం దిగుతది" అని ముగించేవాడు.

వినేవాళ్లలో సగం మందికి నడుము నిటారుగా నిలిచేది కాదు.

మా నీళ్ల సంగతి తెలిసిందే. కింద గ్రానైటు రాయి, అందులోంచి ఊరే ఫ్లోరైడ్. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదంటారు, మా బావుల్లో దానికి ఎన్నో రెట్లు. వానలు తగ్గి బావులెండి బోర్లు పడ్డాక ఇంకా లోతు నీళ్లు, ఇంకా ఫ్లోరైడ్. పిల్లల పళ్ల మీద గోధుమ రంగు చారలు, నలభై దాటేసరికి మోకాళ్లు ముడవకపోవడం, యాభైకి నడుము వంగిపోవడం. బడిలో ఒక పెద్ద బకెట్ ఉండేది, పటికా సున్నమూ వేసి కలిపి, తేరిన నీళ్లు తాగమనేవాళ్లు. దాన్నే నల్లగొండ టెక్నిక్ అంటారు. నాగపూర్‌లోని నీరి అనే పర్యావరణ పరిశోధన సంస్థ కనిపెట్టింది, ఆఫ్రికా దేశాల్లోనూ వాడారు. మా జిల్లా పేరు ప్రపంచంలో తిరిగింది ఆ బకెట్ పుణ్యాన. మా బడిలో పటిక అయిపోయిన రోజులే ఎక్కువ.

ఆ రాత్రి గొర్రెలు కాసే ఒక పెద్దాయన వెనక వరసలోంచి అడిగాడు. ఆయన వీపు ఎంత వంగిపోయిందంటే నడుస్తుంటే నేల తప్ప కనిపించేది కాదు, ఎదుటి మనిషిని చూడాలంటే పక్కకు ఒరిగి కన్ను పైకెత్తేవాడు.

"మామా, నా కొండ వంగిపాయె గదనే. మరి నాకు అమృతం రానట్టేనా?"

ఎవరో నవ్వబోయి ఆపుకున్నారు. తాత హార్మోనియం తిత్తి మీద చెయ్యి అట్లాగే ఉంచి ఆయన వైపు చూశాడు. జవాబు చెప్పలేదు. ఇంకేదో పాట ఎత్తుకున్నాడు. ఆ ఎండాకాలమంతా సముద్ర మథనం మళ్లీ చెప్పలేదు. ఎవరైనా అడిగితే గొంతు బాగాలేదనేవాడు.

మళ్లీ ఏడు చెప్పినప్పుడు కథ మారింది. కొండ, పాము, దేవతలు అంతా అదే. కానీ ఇంతకుముందు ఒక్క ముక్కలో దాటేసే తాబేలు దగ్గర ఆగిపోయాడు. "కొండ నిటారుగనే ఉండె. అయినా ఏమైంది? బుడుంగున మునిగింది. నిటారుగున్నది ఒక్కటే నిలవదు బిడ్డా. కిందికెల్లి తాబేలు ఈపు పెడితెనే లేచింది. తాబేలు ఈపు ఎట్లుంటది? చెప్పుండ్రి."

"వంకరగ" అన్నారు పిల్లలు.

"ఎవరా తాబేలు?"

"విష్ణుమూర్తి."

గొర్రెల పెద్దాయన వైపు ఆయన చూడలేదు. మేమంతా చూశాం. నడుము నిటారుగా పెట్టాలన్న మాట ఆ తర్వాత తాత నోట నేను వినలేదు.

అదే ఏడు అష్టావక్రుడి కథ కూడా ఎత్తుకున్నాడు. భారతం అరణ్యపర్వంలోది. తల్లి కడుపులో ఉండగానే తండ్రి వేదం తప్పు చదివాడని చెప్పి, శాపం తగిలి ఎనిమిది వంకర్లతో పుట్టాడు. పసివాడిగానే జనకుడి సభకు పోయి పండితుణ్ని ఓడించి, నీళ్లపాలైన తండ్రిని వెనక్కి తెచ్చుకున్నాడు. చివర్లో తండ్రి చెప్పగా సమంగ నదిలో మునిగితే వంకరలన్నీ పోయి ఒళ్లు చక్కబడింది. కథ అయిపోగానే వెనక వరసలోంచి అదే గొంతు.

"మామా, గా నది యాడున్నదో చెప్పు. పొద్దుగాల్నే బిందె పట్టుకపోతా."

ఈసారి అందరికంటే ముందు నవ్వింది తాతే. కళ్లు తుడుచుకున్నది కూడా ఆయనే.

* * *

అలంపురం పోయింది కూడా ఆ రోజుల్లోనే. ఊరంతా కలిసి మాట్లాడుకున్న బస్సు, సద్ది మూటలు, దారి పొడుగునా తాత భజన. సతీదేవి శరీరం ముక్కలై పడ్డ చోట్లే శక్తిపీఠాలనీ, పద్దెనిమిదింట్లో అలంపురంలో పడ్డది పై పళ్ల వరస అనీ అక్కడ చెప్పారు. ఇప్పుడున్న జోగులాంబ గుడి 2005లో కట్టింది. అప్పుడు అమ్మవారు బాలబ్రహ్మేశ్వరుడి గుళ్లోనే ఉండేది. చీకటి, నూనె వాసన, జడలో తేలూ బల్లీ ఉన్న తల్లిని చూసి మా చెల్లె ఏడుపు అందుకుంది.

పళ్ల వరస అన్న మాట మా నాయినమ్మ చెవిన పడింది. అంతే, మమ్మల్నందరినీ వరసగా నిలబెట్టి, "నోరు తెరువుండ్రి" అంది. గుళ్లో గోధుమ రంగు చారల పళ్లు బయటపెట్టుకుని పిల్లలమంతా నిలబడ్డాం. "తల్లీ, నీ పండ్లు పడ్డ జాగ గదా ఇది. మా పోరగాండ్ల పండ్లు జూడు" అంది. ఇంకేమీ అడగలేదు. చూడమంది, అంతే. వెనకున్న కర్నూలు వైపు యాత్రికులు ఇదేం మొక్కు అని వింతగా చూశారు. పట్నంలో కాలేజీకి పోయాక గుట్కా తింటావా అని అడిగిన ప్రతిసారీ నాకు ఆ వరస గుర్తొచ్చేది.

తిరుగు దారిలో తాత అన్నాడు, "ఇంతదనుక పెయ్యిల ఊర్లున్నయన్న. ఇయ్యాల ఊర్లల్ల పెయ్యి ఉన్నదని తెలిసింది."

* * *

నేను ఎక్స్‌రే తీసే పనిలో కుదిరాను. డిజిటల్ రాని కాలం. ఎర్ర లైటు గది, డెవలపర్ తొట్టి, ఫిక్సర్ తొట్టి, హ్యాంగర్‌కు తడి ఫిల్ములు. హైపో వాసన చేతులకు పట్టిందంటే అన్నం తినేటప్పుడూ వదిలేది కాదు. మా వైపు నుంచి వచ్చినవాళ్ల ఫిల్ము డెవలపర్‌లో ఉండగానే తెలిసిపోయేది. ఎముక మామూలు కంటే తెల్లగా, చిక్కగా వచ్చేది. ముంజేతిలో రెండు ఎముకల మధ్య పొర కూడా గట్టిపడి గీతగా కనిపించేది. ఊరి పేరు అడిగే పని లేదు.

మెడ తిరగడం లేదని ఒకరోజు మగ్గం తాతే వచ్చాడు. అప్పటికే మగ్గం గుంటలోకి దిగడం మానేశాడు. పక్కవాటుగా పడుకోబెట్టి వెన్నుకు తీశాను. ఫిల్ము ఆరకముందే చూపించమన్నాడు. ట్యూబ్‌లైటుకు అడ్డం పట్టి చూపించాను. అంచు నుంచి నీళ్లు కారి ఆయన ధోవతి మీద పడుతున్నాయి. చాలాసేపు చూశాడు.

"గిదేనా మందర కొండ?"

"ఇదే తాతా."

వేలితో పై నుంచి కిందికి లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. పూసలు విడివిడిగా తెలియడం లేదు. మధ్య సందులు, వాటిని కట్టి ఉంచే నరాల్లాంటి లిగమెంట్లు, అన్నీ గట్టిపడి కలిసిపోయాయి. మూడో నాలుగో లెక్కపెట్టి, మళ్లీ మొదటికొచ్చి, ఆపేశాడు.

"దేవతలంత ఒక్కటై పోయిండ్రురా" అన్నాడు. తర్వాత, "చాయ్ తాగుదాం పా" అన్నాడు.

ఈమధ్య వాట్సాప్‌లో తిరిగే మెసేజీలు చూస్తే నాకు చిరాకు. వెన్నులో 33 పూసలున్నాయని మన రుషులకు ముందే తెలుసు కాబట్టి 33 దేవతలన్నారట, సముద్ర మథనం అనాటమీ పాఠమట. పుట్టినప్పుడు ఉండే 33 పూసల్లో కింది తొమ్మిదీ పెద్దయ్యాక రెండు ఎముకలుగా కలిసిపోయి 26 అవుతాయి, మరి మిగతా దేవతలు ఎటుపోయారని అడిగితే గ్రూపులోంచి తీసేశారు. మగ్గం తాత ఎప్పుడూ పురాణాన్ని సైన్సుగా అమ్మలేదు. ఎదురుగా కూర్చున్న మనిషి ఒంటిని చూసి కథను సరిచేసుకున్నాడు. కథ ప్రకారం మనిషి నడుమును సరిచేయబోలేదు.

* * *

మిషన్ భగీరథ తాగునీటి పథకం పైలాన్ 2015లో చౌటుప్పల్‌లో వేశారు. ఆ తర్వాత కొన్నాళ్లకు మా ఊరికీ కృష్ణ నీళ్ల నల్లాలొచ్చాయి. నీళ్లు వదిలిన రోజు తాత వాకిట్లో మంచం మీద కూర్చుని ఉన్నాడు. వీధిలో పిల్లలు నల్లా కింద తలలు పెట్టి అరుస్తున్నారు. భగీరథుడి కథ చెప్పు తాతా అని మా చిన్నాయిన కొడుకు సరదాగా అడిగాడట. ఇడ గంగ, పింగళ యమున, కనుబొమల మధ్య త్రివేణి అని పాత పాట ఎత్తుకుంటాడనుకున్నాడు.

"సగరుని కొడుకులు అరవై వేల మంది బూడిదైనంక దిగిందిరా గంగ. మన నడుములు వంగినంక వచ్చింది కృష్ణ" అన్నాడట. కాసేపాగి, "అయినా వచ్చింది గదా" అన్నాడట.

ఆయన మునిమనవళ్ల పళ్లు తెల్లగా ఉన్నాయి, కర్మకాండ రోజు చూశాను. ఆయనకు మాత్రం ఆ నల్లా నీళ్లు చివరిదాకా పడలేదు. సప్పగుంటున్నయని రోజూ గొడవ. తాగడానికి బలవంతాన ఒప్పుకున్నాడు గానీ, చాయ్ మాత్రం బోరు నీళ్లతోనే పెట్టాలని కోడలితో పంచాయితీ. ఆమె నల్లా నీళ్లతోనే పెట్టి, బోరు నీళ్లే అని చెప్పి ఇచ్చేదట. "గిది చాయ్ అంటే" అని మెచ్చుకుంటూ తాగేవాడట.